అన్నకు వస్తే తమ్ముడికీ వస్తుందా?

పదకొండేళ్ల పెద్దబ్బాయికి టైప్‌-1 మధుమేహం అని తేలింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చారు. ఇన్సులిన్‌ సూది వేయడం అమ్మ నేర్చుకుంది. గ్లూకోమీటరుతో షుగరు చూడటం నాన్న నేర్చుకున్నాడు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ అదే మీటరు పట్టుకుని చిన్నవాడి మంచం దగ్గరికెళ్లింది. నిద్రలోనే వాడి వేలి కొస మీద చిన్న పోటు. మీటరులో 92 అని కనిపించాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

ఈ కుటుంబం ఫలానా ఊళ్లో ఉంటుందని చెప్పక్కర్లేదు. టైప్‌-1 అడుగుపెట్టిన ఏ ఇంట్లోనైనా జరిగేదే ఇది. అక్కడ వినిపించే ప్రశ్నలూ రెండే. ‘ఎవరి వైపు నుంచి వచ్చింది?’... ఇది చుట్టాలు పైకే అడిగేస్తారు. ‘రెండోవాడికీ వస్తుందా?’... ఇది అమ్మానాన్నలు ఒకరికొకరు చెప్పుకోకుండా లోపలే దాచుకుంటారు.

శాస్త్రవేత్తలు నాలుగు దశాబ్దాలకు పైగా వెంటపడింది ఈ రెండో ప్రశ్నకే. అందుకోసం వాళ్లు రోగుల్ని కాదు, రోగుల తోబుట్టువుల్నీ పిల్లల్నీ పరీక్షించారు. ఏ జబ్బూ లేకుండా బడికెళ్తూ ఆడుకుంటున్న ఆ పిల్లల రక్తంలోనే అసలు సంగతి బయటపడింది.

నానమ్మ షుగరు వేరు

ముందు చుట్టాల ప్రశ్న సంగతి తేల్చేద్దాం. మన ఇళ్లలో ‘షుగరు వంశం’ అంటే దాదాపుగా టైప్‌-2 ఉన్న వంశమే. తాతయ్యకు యాభయ్యో ఏట, నాన్నకు నలభయ్యో ఏట మొదలయ్యేది అదే. అక్కడ ఒంట్లో ఇన్సులిన్‌ ఉంటుంది, కానీ సరిగా పనిచేయదు, చాలదు. టైప్‌-1 దారి వేరు. మన క్లోమంలో లాంగర్‌హాన్స్‌ పుటికలు అనే చిన్నచిన్న దిబ్బల్లాంటి కణసముదాయాలు ఉంటాయి. 1869లో పాల్‌ లాంగర్‌హాన్స్‌ అనే జర్మన్‌ వైద్య విద్యార్థి వాటిని గుర్తించాడు. ఇన్సులిన్‌ తయారుచేసే బీటా కణాలు ఉండేది అక్కడే. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఆ కణాల్నే పరాయివిగా పొరబడి చంపేస్తే వచ్చేది టైప్‌-1. చాక్లెట్లు తినిపించినందుకో, అమ్మ గర్భంతో ఉన్నప్పుడు మామిడిపళ్లు తిన్నందుకో ఇది రాదు.

కొత్తగా టైప్‌-1 బయటపడే పిల్లల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై మందికి దగ్గరి బంధువుల్లో ఎవరికీ ఆ జబ్బు ఉండదు. కాబట్టి ‘మీ వైపా, మా వైపా’ అన్న వాదనకు చాలా ఇళ్లలో జవాబే దొరకదు. దొరికినా అది అత్తగారు అనుకునే వైపు ఉండకపోవచ్చు. 1984లో బోస్టన్‌లోని జోస్లిన్‌ డయాబెటిస్‌ సెంటర్‌ పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. టైప్‌-1 ఉన్న తండ్రుల పిల్లల్లో ఇరవయ్యేళ్లు వచ్చేసరికి సుమారు ఆరు శాతం మందికి జబ్బు వచ్చింది. టైప్‌-1 ఉన్న తల్లుల పిల్లల్లో అది రెండు శాతం కూడా దాటలేదు. ఆ తర్వాత జరిగిన అధ్యయనాల్లో అంకెలు కాస్త అటూ ఇటూ అయినా, తల్లి నుంచి కన్నా తండ్రి నుంచే ముప్పు ఎక్కువన్నది మారలేదు. ఎందుకలా అన్నదానికి గట్టి జవాబు ఇంకా లేదు. టైప్‌-1 ఉన్న అమ్మాయికి సంబంధాలు చూసేటప్పుడు ‘రేపు పిల్లలకూ వస్తుందేమో’ అని వెనక్కి తగ్గేవాళ్లు ఎందరో. అదే జబ్బున్న అబ్బాయి దగ్గర ఆ ప్రశ్న అంత గట్టిగా లేవదు. లెక్క మాత్రం సరిగ్గా తలకిందులుగా ఉంది.

తోబుట్టువుల్లో ముప్పు నూటికి అయిదారు. పాశ్చాత్య దేశాల్లో మామూలు పిల్లల్లో అది వెయ్యికి మూడు, నాలుగు. అంటే తమ్ముడికి ముప్పు పదిహేను రెట్లు ఎక్కువన్నా నిజమే, నూటికి తొంభై నాలుగు మంది తమ్ముళ్లకు రాదన్నా నిజమే. భయపడే తల్లికి ముందు ఏది చెప్పాలో డాక్టర్లకు వేరే చెప్పక్కర్లేదు.

ముగ్గురు కవలలు చెప్పిన రహస్యం

ఒకప్పుడు టైప్‌-1 అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే జబ్బనుకునేవారు. నిన్నటిదాకా బాగున్న పిల్లవాడు ఈ రోజు స్పృహ తప్పుతాడు, అంతే. అది తప్పని తేల్చిన అధ్యయనాల్లో ఒకటి 1983లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో వచ్చింది. జోస్లిన్‌లో జార్జ్‌ ఐజన్‌బార్త్‌ బృందం చేసిన ఆ పనిలో మొదటి పేరు ఒక భారతీయుడిది... తర్వాతి రోజుల్లో బెంగళూరులో వైద్యం చేసిన డాక్టర్‌ ఎస్‌.శ్రీకాంత. ఒకే పోలికలో పుట్టిన ముగ్గురు కవలలు, మరికొన్ని కవల జంటల్ని వాళ్లు ఏళ్ల తరబడి గమనించారు. అందరూ జన్యువులన్నీ ఒకటే అయిన కవలలు. మొదట్లో ఒకరికి మధుమేహం ఉంటే రెండోవారికి లేదు.

ఆ రెండోవారికి కొన్నాళ్లకోసారి ఒక పరీక్ష చేసేవారు. సూది ద్వారా గ్లూకోజును నేరుగా రక్తనాళంలోకి ఎక్కించి, మొదటి కొద్ది నిమిషాల్లో ఎంత ఇన్సులిన్‌ విడుదలవుతుందో కొలవడం. దీని వెనక ఉన్న కిటుకు పెళ్లి భోజనం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బంతిలో కూర్చోగానే విస్తట్లోకి వచ్చేవి ముందే వండి గిన్నెల్లో సిద్ధంగా ఉంచినవి. అవి వడ్డిస్తుండగానే వెనక పొయ్యిల మీద తర్వాతి విడత సిద్ధమవుతుంటుంది. బీటా కణాలూ అంతే. రక్తంలోకి గ్లూకోజు రాగానే సిద్ధంగా ఉన్న ఇన్సులిన్‌ను ఒక్క ఉదుటున వదిలేస్తాయి. తర్వాత లోపలి నిల్వల్లోంచీ కొత్తగా తయారైనదాంట్లోంచీ నిదానంగా విడుదల చేస్తూ ఉంటాయి. వంటవాళ్లు ఒక్కొక్కరే మానేస్తుంటే ముందుగా దెబ్బతినేది ఆ మొదటి వడ్డనే. చివరిదాకా అందరి ఆకలీ తీరుతుండటంతో లోపం బయటికి తెలియదు. కవలల్లో కనిపించిందీ అదే. పరగడుపున షుగరు మామూలుగానే ఉంది. కానీ ఆ మొదటి ఉదుటు మాత్రం ఏటికేడాది తగ్గుతూ వచ్చింది.

1986లో ఐజన్‌బార్త్‌ అదే పత్రికలో ఈ కథంతటినీ ఒక గీతగా గీసి చూపించాడు. జన్యువుల వల్ల ముప్పు, దానికేదో బయటి కారణం తోడవడం, రక్తంలో యాంటీబాడీలు, మొదటి ఉదుటు తగ్గడం, అన్నిటికన్నా చివర్న షుగరు. ఇప్పటికీ డాక్టర్లు టైప్‌-1ని అర్థం చేసుకునేది దాదాపు ఆ గీత మీదుగానే. అమెరికాలో రోగుల బంధువుల సమాచారాన్ని మళ్లీ తిరగేసిన ఒక బృందం, జబ్బు బయటపడటానికి అయిదేళ్ల కన్నా ముందే ఇన్సులిన్‌ స్రావంలో తేడా మొదలవుతుందని 2018లో తేల్చింది. ఆ రాత్రి మీటరులో కనిపించిన 92 చెప్పలేనిది ఇదే. అప్పటికి షుగరు బాగుందని మాత్రమే అది చెబుతుంది. లోపల వంటవాళ్లు ఎంతమంది మిగిలారో దానికి తెలియదు.

బడిలో పాఠం తప్పితే

ఇంతకీ జన్యువుల వాటా ఎంత? ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే, రెండోవారికి అరవయ్యేళ్లు వచ్చేసరికి వచ్చే అవకాశం 65 శాతం అని 2008లో తేలింది. పెద్ద అంకే. కానీ జన్యువులే అంతా అయితే అది నూరు కావాలి కదా! మిగతాది వైరస్‌ల వల్లా, మరొకటా అన్న అన్వేషణ ఇంకా సాగుతోంది.

జన్యువుల ముప్పులో దాదాపు సగం ఒక్కచోటే ఉంది. ఆరో క్రోమోజోము మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువుల గుంపు అది. మన కణమేదో పరాయి కణమేదో రక్షణ వ్యవస్థకు చూపించే ప్రొటీన్లు దాన్నుంచే తయారవుతాయి. అందులో డీఆర్‌3, డీఆర్‌4 అనే రకాలు చెడ్డపేరు తెచ్చుకున్నాయి. ఆ రెండూ ఒకే బిడ్డలో కలిస్తే ముప్పు మరీ ఎక్కువ. అమ్మ దగ్గర ఈ గుంపులు రెండు, నాన్న దగ్గర రెండు. బిడ్డకు చెరోవైపు నుంచీ ఒక్కోటి వస్తుంది. అన్నకు వచ్చిన జతే తమ్ముడికీ రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. తోబుట్టువులందరికీ ముప్పు ఒకేలా ఉండకపోవడానికి ఇదే కారణం. అమెరికాలోని డెన్వర్‌లో 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, డీఆర్‌3-డీఆర్‌4 ఉండి, రోగితో ఆ జత పూర్తిగా కలిసిన తోబుట్టువుల్లో సగం మందికి పన్నెండేళ్లకే మధుమేహం వచ్చింది. చిన్న అధ్యయనమే, కానీ ‘నూటికి అయిదారు’ అనే సగటు కింద ఎంత తేడా దాగుందో అది చూపించింది. మరోవైపు డీక్యూబీ1-0602 అనే రకం ఉంది. అది అడ్డుగోడ. యూరప్‌ సంతతి జనాభాలో అయిదో వంతు మందిలో కనిపించే ఈ రకం, టైప్‌-1 పిల్లల్లో నూటికి ఒకరి దగ్గర మాత్రమే ఉంటుంది.

హెచ్‌ఎల్‌ఏ తర్వాత చెప్పుకోవాల్సింది... అనుకోకుండానే అయినా, ఇన్సులిన్‌ జన్యువే. పదకొండో క్రోమోజోము మీద ఆ జన్యువుకు కాస్త ముందు ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. కొందరిలో అది ముప్ఫై, నలభై సార్లు. మరికొందరిలో నూటయాభైకి అటూ ఇటూ. పొట్టి తోక ఉన్నవారికి ముప్పు ఎక్కువ, పొడుగు తోక ఉన్నవారికి రక్షణ. ఇన్సులిన్‌ తయారీలో తేడా వల్లేమో అని క్లోమంలో వెతికితే వింతగా ఉంది. పొడుగు తోక ఉంటే అక్కడ ఇన్సులిన్‌ తయారీ కొంచెం తక్కువే! గుట్టు మరోచోట దొరికింది. గుండెకు పైన, ఛాతీ ఎముక వెనక థైమస్‌ అనే గ్రంథి ఉంటుంది. రక్షణ దళంలోని టీ కణాలకు అది బడి లాంటిది. మన శరీరంలోని ప్రొటీన్లను అక్కడ కొంచెం కొంచెంగా తయారుచేసి చూపిస్తారు. మనవాళ్ల మీదే కత్తి దూసే కణాన్ని అక్కడే ఏరిపారేస్తారు. పొడుగు తోక ఉన్నవారి థైమస్‌లో ఇన్సులిన్‌ తయారీ రెండు మూడు రెట్లు ఎక్కువని 1997లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. అంటే బడిలో ఇన్సులిన్‌ పాఠం గట్టిగా చెబుతున్నారన్నమాట. పొట్టి తోకవారి బడిలో ఆ పాఠం పలచన. అరకొరగా చదివి బయటపడ్డ కణాలే ఆ తర్వాత బీటా కణాల మీద పడతాయి.

అలాగని పొట్టి తోక అరుదైన లోపమేమీ కాదు. యూరప్‌ సంతతి వారిలో ఎక్కువమందికి ఉండేది అదే. దీన్ని ‘చెడ్డ జన్యువు’ అనడం సబబు కాదు. కోట్ల మందిలో ఏ హానీ చేయకుండా ఊరుకునే జన్యువు, ఇంకో అరడజను కారణాలు కలిసినప్పుడు మాత్రమే ముప్పవుతుంది.

నానమ్మ షుగరు వేరని పైన చెప్పుకున్నాం. దానికో చిన్న మెలిక ఉంది. టీసీఎఫ్‌7ఎల్‌2 అనే జన్యువులోని ఒక తేడా ఇన్సులిన్‌ స్రావాన్ని తగ్గించి టైప్‌-2కి దారితీస్తుందని 2006లో ఐస్‌లాండ్‌ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మన దేశంలోనూ దాని ప్రభావం గట్టిదేనని 2007లో హైదరాబాద్‌ సీసీఎంబీకి చెందిన డాక్టర్‌ గిరిరాజ్‌ ఆర్‌.చాందక్‌ బృందం చూపించింది. అదే జన్యువు కొందరు టైప్‌-1 రోగుల్లోనూ తారసపడింది. అది ఉన్నవారిలో రక్షణ వ్యవస్థ దాడి కాస్త నెమ్మదిగా, ఇన్సులిన్‌ కాస్త ఎక్కువగా మిగిలి ఉన్నట్టు అమెరికా పరిశోధకులు 2018లో గమనించారు. అంటే రెండు జబ్బుల మధ్య గోడ అనుకున్నంత ఎత్తైనది కాదు.

సీసీఎంబీ పేరు మరోసారి 2020లో వినిపించింది. పుణెలోని కేఈఎం ఆస్పత్రి, బ్రిటన్‌లోని ఎక్సెటర్‌ విశ్వవిద్యాలయంతో కలిసి ఆ సంస్థ చేసిన అధ్యయనంలో టైప్‌-1 ఉన్నవారు 262 మంది, టైప్‌-2 ఉన్నవారు 352 మంది, ఏ మధుమేహమూ లేనివారు 334 మంది. యూరోపియన్ల కోసం తయారుచేసిన జన్యు స్కోరు మన వాళ్లలోనూ టైప్‌-1ని గుర్తించడానికి పనికొస్తుందా అన్నది ప్రశ్న. పనికొస్తుందని తేలింది. అయితే కొన్ని జన్యువుల దగ్గర మన తీరు వేరు కాబట్టి స్కోరునూ సరిచేసుకోవాలి. సన్నగా, చిన్న వయసులోనే టైప్‌-2 వచ్చే దేశంలో ఏది ఏదో తేల్చడం డాక్టర్లకు రోజూ ఉండే తలనొప్పే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

84,228 మంది బంధువులు

సరే, వస్తుందని ముందే తెలిస్తే ఆపగలమా? అమెరికా ఆ ప్రయత్నం పెద్ద ఎత్తునే చేసింది. 1990ల్లో మొదలైన డీపీటీ-1 అనే అధ్యయనం కోసం 84,228 మంది బంధువుల రక్తం పరీక్షించారు. 3,152 మందిలో యాంటీబాడీలు దొరికాయి. నూటికి నలుగురు కూడా కాదు. వాళ్లలో రక్షణనిచ్చే 0602 రకం ఉన్నవారిని పక్కన పెట్టారు. మిగిలినవారికి ఇన్సులిన్‌ మొదటి ఉదుటును కొలిచారు. అయిదేళ్లలో జబ్బు వచ్చే అవకాశం సగానికి మించి ఉందని తేలినవాళ్లలో 339 మందిని తీసుకుని, కొందరికి ముందుజాగ్రత్తగా కొద్ది మోతాదులో ఇన్సులిన్‌ ఇచ్చారు. వాళ్లలో సగం మంది పదకొండేళ్లలోపు పిల్లలే. 2002లో ఫలితం వచ్చింది. ఇన్సులిన్‌ తీసుకున్నవారిలో ఏడాదికి 15.1 శాతం మందికి, తీసుకోనివారిలో 14.6 శాతం మందికి మధుమేహం వచ్చింది. తేడా ఏమీ లేదు.

నిరాశే. అయినా ఆ వైఫల్యంలో ఒక గెలుపుంది. ఎవరికి వస్తుందో ముందే చెప్పిన అంచనా మాత్రం గురి తప్పలేదు.

ఆపలేకపోయినా వెనక్కి నెట్టగలమని తేలడానికి 2019 దాకా ఆగాల్సొచ్చింది. టెప్లిజుమాబ్‌ అనే మందు టీ కణాల మీద ఉండే సీడీ3 ప్రొటీనుకు అతుక్కుని వాటి దూకుడు తగ్గిస్తుంది. ముప్పు బాగా ముదిరిన 76 మంది బంధువుల్లో కొందరికి దాన్ని పద్నాలుగు రోజులు ఎక్కించారు. మందు తీసుకోనివారిలో సగం మందికి రెండేళ్లలో జబ్బు వస్తే, తీసుకున్నవారిలో సగం మందికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. డీఆర్‌4 ఉండి డీఆర్‌3 లేనివారిలో మందు ఇంకా బాగా పనిచేసింది. ఎవరికి వస్తుందో చెప్పడంతో ఆగిపోయిన జన్యువులు, ఎవరికి ఏ మందు నప్పుతుందో కూడా చెప్పడం మొదలుపెట్టాయి. 2022 నవంబరులో అమెరికా ఈ మందుకు అనుమతినిచ్చింది. అప్పుడు ప్రకటించిన ధర ఒక కోర్సుకు 1,93,900 డాలర్లు. మన లెక్కలో కోటిన్నర పైమాటే!

రెండేళ్లు ఒక లెక్కా అనిపించొచ్చు. అయిదేళ్ల పిల్లకు సూది వేయడానికి ఇద్దరు పట్టుకోవాలి. షుగరు పడిపోతుంటే ఒంట్లో ఎలా ఉందో చెప్పడం ఆ పిల్లకు రాదు. ఏడేళ్లకు చెబుతుంది.

పరీక్ష చేయించాలా?

బంధువుల్లో చేయాల్సిన మొదటి పరీక్ష జన్యువులది కాదు, యాంటీబాడీలది. గాడ్‌, ఐఏ-2, జింక్‌ ట్రాన్స్‌పోర్టర్‌-8, ఇన్సులిన్‌... ఈ నాలుగింటి మీదా యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తారు. ఒక్కటే ఉంటే పదేళ్లలో మధుమేహం వచ్చే అవకాశం నూటికి పదిహేను. రెండో అంతకన్నా ఎక్కువో ఉంటే డెబ్భై. చిన్నప్పటి నుంచీ గమనించిన పిల్లల మీద 2013లో వెలువడిన లెక్క ఇది. రెండు ఉన్నాయంటే షుగరు మామూలుగా ఉన్నా సరే, దాన్ని టైప్‌-1 తొలిదశగానే ఇప్పుడు లెక్కేస్తున్నారు. జర్మనీలోని బవేరియాలో 2015 నుంచి బంధుత్వంతో సంబంధం లేకుండా చిన్నపిల్లలకు ఈ పరీక్ష చేశారు. 90,632 మందిలో 280 మంది ఆ దశలో దొరికారు. ఇటలీ 2023లో ఏకంగా చట్టమే చేసింది.

మన దగ్గర ఇది ఇంకా మామూలు పద్ధతి కాలేదు. చేయించాలా వద్దా అన్నది తేలికైన నిర్ణయమూ కాదు. ‘ఉంది’ అని తెలిశాక ఆ పిల్లవాడు ఐస్‌క్రీం అడిగిన ప్రతిసారీ ఇంట్లో మొహాలు మారతాయి. కోటిన్నర మందు చేతికందని ఇంట్లో ఆ మాట తెలిసి ఏం లాభం అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి బవేరియాలో ఒక జవాబు ఉంది. ముందే తెలిసిన పిల్లల్లో కీటోఅసిడోసిస్‌తో, అంటే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదకొచ్చిన స్థితిలో ఆస్పత్రికి చేరినవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. ఆ మేలుకు ఖరీదైన మందు అక్కర్లేదు. అమ్మానాన్నలకు ముందే తెలిసి ఉండటం చాలు. పరీక్ష ఎప్పుడు, ఎన్నేళ్లకోసారి అన్నది పెద్దవాడికి చూస్తున్న డాక్టరునే అడగొచ్చు.

ఇక ఆ రాత్రి మీటరు సంగతి. లక్షణాలేవీ లేని పిల్లవాడికి రోజూ వేలు పొడవడం వల్ల ముందస్తుగా తెలిసేదేమీ ఉండదు, వాడికి సూదంటే భయం పుట్టడం తప్ప. మీటరు అక్కరకొచ్చే రోజులు వేరు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్లవాడు మళ్లీ తడుపుతున్నా, బడికి తీసుకెళ్లిన నీళ్ల సీసా చాలడం లేదన్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా ఆ రోజే, ఆ గంటే చూడాలి. 200 దాటితే మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరాలి. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఆయాసంతో ఊపిరి తీయడం మొదలైతే అజీర్తి అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకూడదు. ‘వీడి అన్నకు టైప్‌-1 ఉంది’ అన్న మాటను క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే, ఎవరూ అడక్కముందే చెప్పేయాలి.